పాత పలక – కొత్త ఫోను

ప్రవేశిక: తాటాకు మీది పద్యాన్ని అచ్చుపుస్తకంలోకి ఎత్తి రాస్తే పద్యానికి లోటు రాదు. కంప్యూటరు ప్రోగ్రాముకు ఆ సదుపాయం లేదు. అది ఏ యంత్రం కోసం పుట్టిందో ఆ యంత్రం మూలపడితే, ఒక్క అక్షరమైనా చెరగకుండానే మూగబోతుంది. అట్లా మూగబోయిన ఒక చిన్న ప్రోగ్రామును వేరొక యంత్రం మీద మళ్లీ పలికించిన ఉదంతం ఈ పాఠ్యభాగం.

గుంటూరు నుండి చిలకలూరిపేట మీదుగా పర్చూరు, ఇంకొల్లు వైపు సాగే దారి పొడవునా నల్లరేగడి నేలలే. నేను ఆ దారిన తిరిగిన 2003 ప్రాంతంలో పర్చూరు, ఇంకొల్లు ప్రకాశం జిల్లాలో ఉండేవి. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో బాపట్ల జిల్లాలో చేరాయి. చలికాలం వచ్చిందంటే ఒక పక్క విచ్చిన పత్తిచేలు, మరొక పక్క కల్లాలలో ఎండబోసిన మిరపకాయలు. కవిత్రయ భారతంలోని వ్యవసాయ పదాలపై పరిశోధన చేస్తున్న రోజులవి. ఆ పదాలలో ఏవి రైతుల నోళ్లలో ఇంకా జీవించి ఉన్నాయో తెలుసుకోవాలన్నది నా ప్రయత్నం. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం చేతిసంచిలో ఉండేది. దానితోపాటు జేబులో ఇంకొక వస్తువు ఉండేది.

అమెరికాలో ఉద్యోగం చేసే మా బావగారు తెచ్చి ఇచ్చిన చేతి కంప్యూటరు అది. అరచేతిలో ఇమిడే ఆ పలకను పామ్ అనేవారు. ఈ జాతి యంత్రాలలో మొదటిది 1996లో వచ్చింది. దాని జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు. తెర నిడివి, వెడల్పు 160 చుక్కల చొప్పున. రెండు సన్నని బ్యాటరీలు వేస్తే వారాల తరబడి పనిచేసేది. పుల్లవంటి కలంతో తెర కింది గడిలో గీతలు గీస్తే వాటిని అక్షరాలుగా గ్రహించేది. నా చేతికి వచ్చింది అంతకంటె కొంత తరువాతి రకం. తెలుగు లిపి మాత్రం దానికి తెలియదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా ఆ భాగ్యం ఈ పలకకు పట్టలేదు. అందుచేత అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుమీదుగా తెలుగువారిలో వ్యాపించిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో, ఆంగ్లాక్షరాలతో తెలుగు మాటలు రాసుకొనేవాణ్ణి. లకారానికి చిన్న అక్షరం, ళకారానికి పెద్ద అక్షరం.

ఇంజనీరింగు చదువుతున్న మా పొరుగింటి కుర్రవాడొకడు నా అవస్థ చూసి, పదాలు దాచుకోవడానికి ఒక ప్రోగ్రాము రాసి ఇచ్చాడు. ఆంగ్లాక్షరాలలో ఎక్కించిన మాటలను అది తెలుగు అకారాది క్రమంలో పేర్చేది. అంతకుమించి, ఏ మాట ఏ ఊరిలో, ఏ పని సందర్భంలో, ఎవరి నోట విన్నదో ముడివేసి చూపేది. ‘గూడ’ అని తడితే పత్తిమొగ్గ అన్న అర్థంతోపాటు, గూడ రాలడం గురించి చెప్పిన రైతుల ఊళ్లన్నీ వచ్చేవి. ‘తాలు’ అని తడితే రంగు వెలిసి తెల్లబారిన మిరపకాయ అనీ, మిర్చి యార్డులో దాని ధర ఎంత దిగజారుతుందో చెప్పుకొని బాధపడిన రైతు మాటలూ కనిపించేవి. మొక్కలు నాటడానికి చేను నిలువునా అడ్డంగా గీతలు తోలడాన్ని ‘అచ్చు తోలడం’ అంటారని, మిరపకాయల బస్తాను యార్డులో ‘టిక్కీ’ అంటారని అందులోకే ఎక్కించాను. రెండేళ్లలో ఎనిమిది వందలకు పైగా పదపత్రాలు సమకూరాయి.

తరువాత జరిగినది నా అశ్రద్ధ. ఆ పలకలో రాసినదంతా బ్యాటరీల ఆధారంతోనే నిలుస్తుంది. అవి పూర్తిగా ఉడిగితే రాత కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే అప్పుడప్పుడు దానిని బల్లమీది కంప్యూటరుకు తగిలించి నకలు తీసి ఉంచాలి. పరిశోధన గ్రంథం సమర్పించిన తరువాత నేను పలకను బీరువాలో పెట్టి మరచిపోయాను. బ్యాటరీలు లోపలే కారి, తీగెలు తిన్నాయి. నకలు మాత్రం ఒక సీడీలో మిగిలింది.

ప్రోగ్రాము ఉంది, పదాలూ ఉన్నాయి. తెరిచే పలక లేదు. జాగా పొదుపు కోసం ఆ కుర్రవాడు పదాలను తన సొంత పద్ధతిలో కుదించి దాచాడు. మరే ప్రోగ్రాముతో తెరిచినా అర్థం లేని గుర్తులే. తాను మొదట రాసుకొన్న మూలరచన అతనివద్దా లేదు. అది ఉంటే కొత్త ఫోనుకు తగినట్లు తిరగరాసేవారు. అది అనువాదం వంటి పని. మూలం చేతిలో లేని అనువాదకుడు చేయగలిగినది లేదు. మా చేతిలో ఉన్నది యంత్రానికి మాత్రమే అర్థమయ్యే అంకెల వరుస. ఆ యంత్రం లేనప్పుడు, ఉన్నట్లు నమ్మించడం ఒక్కటే దారి. ఆ విద్యకు ఎమ్యులేషన్ అని పేరు. నమ్మించే ప్రోగ్రాము ఎమ్యులేటరు.

ఇటువంటి ఖాళీని మన సాహిత్యం ఎన్నడో పూరించుకొన్నది. పదకొండవ శతాబ్దిలో నన్నయ భారతాన్ని ఆరంభించి అరణ్యపర్వం నడుమ ఆపివేశాడు. పదమూడవ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం నుండి తుదిదాకా రచించాడు. మధ్యలోని అరణ్యపర్వ శేషం అట్లాగే ఉండిపోయింది. పద్నాలుగవ శతాబ్దిలో, మన పత్తి మిరప నేలల నడుమనే ఉన్న అద్దంకిని ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱన దానిని పూర్తిచేశాడు. పూర్తిచేసిన తీరు గమనింపదగినది. తనను ఆదరించిన రెడ్డిరాజు పేర కాక, నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుని పేరనే ఆ భాగాన్ని అంకితం చేశాడు. నన్నయ శైలిలో ఎత్తుకొని, క్రమంగా తిక్కన శైలిలోకి నడిపించాడని విమర్శకులు గుర్తించారు. ఒక ముఖం నన్నయ వైపు, ఒక ముఖం తిక్కన వైపు. ఎమ్యులేటరు చేసేదీ అదే. పాత ప్రోగ్రాముకు పాత పలకవలె కనిపిస్తుంది. కొత్త ఫోనుకు తానూ ఒక మామూలు ప్రోగ్రామువలె కనిపిస్తుంది. పోలికను ఇంతకంటె సాగదీయరాదు. ఎఱ్ఱన మహాకవి; ఎమ్యులేటరుకు సొంతంగా ఒక్క మాట అనే స్వేచ్ఛ లేదు.

పాత పలకలలోని ప్రాసెసరు మోటరోలా 68000 వంశానికి చెందింది. నేటి ఫోనులలో ఎక్కువ భాగం ఆర్మ్ వంశపువి. ఒకరి భాష ఒకరికి తెలియదు. ఎమ్యులేటరు పాత ప్రోగ్రాములోని ఒక్కొక్క ఆదేశాన్ని తీసుకొని, దాని భావం తెలుసుకొని, ఆ పనిని కొత్త ప్రాసెసరుకు తెలిసిన ఆదేశాలతో చేయిస్తుంది. పాత ప్రాసెసరులో లెక్క నడుస్తుండగా అంకెలు పెట్టుకొనే గదులు ముఖ్యంగా పదహారు. ఎమ్యులేటరు తన జ్ఞాపకంలో అవే పదహారు గదులు కట్టుకొంటుంది. తెర మీద చుక్క పెట్టమని ప్రోగ్రాము అడిగితే, లేని పాత తెరపై పెట్టినట్లు రాసుకొని, ఉన్న కొత్త తెరపై చూపుతుంది. నాటి వేగం సెకనుకు కోటీ అరవై లక్షల గడియార స్పందనలు మాత్రమే. నేటి ఫోను దానికంటె ఎన్నో రెట్లు వేగం గలది కనుకనే ఈ దుబాసీ పని ఆలస్యం లేకుండా సాగుతుంది. ఆటల విషయంలోనైతే ఎమ్యులేటరు తనను తాను నెమ్మది చేసుకోవలసి వస్తుంది. లేకుంటే బంతి కంటికి అందదు.

అంకెలు రాసే తీరులోనూ ఈ రెండు వంశాలకు పొత్తు కుదరదు. పెద్ద సంఖ్యను ముక్కలుగా దాచేటప్పుడు పాత ప్రాసెసరు పెద్ద స్థానాల ముక్కను ముందు పెడుతుంది. నేటి ఫోను చిన్న స్థానాల ముక్కను ముందు పెడుతుంది. కంప్యూటరు విద్యార్థులకు ఇది వింతగా తోచవచ్చు గాని, శాసనాలు చదివేవారికి కొత్త కాదు. మన పూర్వులు శకసంవత్సరాలను వస్తువుల పేర్లతో చెప్పేటప్పుడు ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టేవారు. అంకెలు ఎడమవైపుకు నడుస్తాయని నియమం. ‘వేద గగన చంద్ర’ అంటే నాలుగు, సున్న, ఒకటి. వెనుక నుండి చదివితే 104. నియమం తెలియనివాడు 401 అంటాడు. యార్డులో నూట నాలుగు టిక్కీలు నాలుగు వందల ఒకటి అయితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఎమ్యులేటరు ప్రతి సంఖ్య దగ్గరా ఈ తిరగవేతను మరువరాదు.

ఈ విద్య ఫోనులతో పుట్టినది కాదు. 1964లో ఐ.బి.ఎం. సంస్థ సిస్టమ్ 360 యంత్రాలను ప్రకటించినప్పుడు, 1401 అనే పాత యంత్రానికి రాసిన ప్రోగ్రాములు కొత్తవాటిపై నడిచే ఏర్పాటు చేసింది. కొన్నవారు తమ పాత లెక్కలను వదులుకోలేరు గదా! పామ్ పలకలకు తొలి ఎమ్యులేటరు కోపైలట్ 1996లోనే వచ్చింది. అమీగా అనే వేరొక కంప్యూటరును అనుకరించే ప్రోగ్రాములోని ప్రాసెసరు భాగాన్ని దానికి వాడుకొన్నారు. రెండు యంత్రాలదీ 68000 వంశమే. అంతకంటె విచిత్రం 2002లో జరిగింది. పామ్ తన అయిదవ వ్యవస్థతో ఆర్మ్ వంశానికి మారినప్పుడు, తన పాత ప్రోగ్రాములు నడవడానికి తానే ఒక ఎమ్యులేటరును లోపల అమర్చుకొన్నది. తరువాత స్టైల్‌టాప్ అనే ప్రోగ్రాము విండోస్ మొబైల్, సింబియన్ ఫోనులపైన, క్లాసిక్ అనే ప్రోగ్రాము 2009లో వచ్చిన పామ్ ప్రీ ఫోనుపైన ఇదే పని చేశాయి. 2022లో ఇంటర్నెట్ ఆర్కైవ్ ఆ కాలపు ప్రోగ్రాములను పోగుచేసి, బ్రౌజరులోనే నడిపి చూసే వీలు కల్పించింది.

ఎమ్యులేటర్లలో రెండు తెగలున్నాయి. ఒక తెగ యంత్రాన్ని మాత్రమే అనుకరిస్తుంది. పలకలో శాశ్వతంగా ముద్రించిన మూలవ్యవస్థ నకలును మనమే ఇవ్వాలి. ఆ వ్యవస్థపై హక్కులు తయారుచేసినవారివి. ఎక్కడిదో తెచ్చి వాడటం న్యాయం కాదు. రెండవ తెగ మూలవ్యవస్థ ఏ ప్రశ్నకు ఏమి బదులిస్తుందో గమనించి, ఆ బదులిచ్చే తీరును సొంతంగా రాసుకొంటుంది. ఎఱ్ఱన చేతికి నన్నయ మనస్సు రాలేదు. నన్నయ పద్యాలే వచ్చాయి. వాటిని బట్టే ఆయన నడక పట్టుకొన్నాడు. నా పలక పాడయింది కనుక రెండవ తెగనే ఆశ్రయించాము.

‘ఆశ్రయించాము’ అన్నాను గాని పని చేసినది నా పూర్వ విద్యార్థి. 2019లో ఒక ఆదివారం సీడీ తీసుకొని వెళ్లి, వారం తరువాత ఫోను పట్టుకొని వచ్చాడు. “మాస్టారూ, వేలితో తాకండి” అన్నాడు. ఫోను తెర నడుమ పాత పలక తెర, దాని కింద అక్షరాలు గీసే గడి కూడా కనిపించాయి. కలం లేదు కనుక వేలితోనే గీశాను. ‘గూడ’ వచ్చింది, దాని వెంట ఊళ్లు వచ్చాయి. అకారాది క్రమం చెక్కుచెదరలేదు. పాత పలకలో ళకారం మాటలు ఒక చోట తప్పుగా పేరుకొనేవి. ఆ తప్పు కూడా అట్లాగే వచ్చింది. “ఇది సరిచేయలేమా?” అని అడిగితే, “సరిచేస్తే అది మీ ప్రోగ్రాము కాదండీ” అని నవ్వాడు. ఆ వంశపు పంచాంగం 2031 డిసెంబరు 31తో ముగుస్తుందట. నమ్మకమైన ఎమ్యులేటరు ఆ ముగింపునూ కాపాడుతుంది.

అన్నింటినీ ఇట్లా లేపవచ్చుననుకోరాదు. 2009లో నోకియా సంస్థ మన దేశంలో లైఫ్ టూల్స్ పేరుతో సామాన్యమైన ఫోనులకు పంటధరలు, వాతావరణ సమాచారం పంపే సేవ మొదలుపెట్టింది. కొన్నేళ్లకు అది నిలిచిపోయింది. నేడు ఆ ఫోనును ఎంత చక్కగా అనుకరించినా ధర పంపేవారు అవతల లేరు. నా పదాలపెట్టె అదృష్టం ఏమంటే, అది ఎవరినీ అడగక తన లోపలి మాటలతోనే బతికింది.

ఆ రోజు పత్రాలన్నీ తిరగవేస్తూ చివరిదాకా వెళ్లాను. ఆఖరి పత్రం ఒక డిసెంబరు నెలది. ఆ తరువాత సంక్రాంతి ముందు నేను ఇంకొల్లు దగ్గరి ఒక పల్లెకు మళ్లీ వెళ్లాను. పత్తి తీసే ముసలమ్మ ఒకామె చేనిగట్టు మీద కూర్చుని, ఒడిలో దూది సవరిస్తూ, “రాసుకో నాయనా, మళ్లీ ఎవురు చెబుతారు” అంటూ పత్తితీతకు సంబంధించిన మాటలు నలభై దాకా చెప్పింది. అన్నీ పలకలో గీసుకొన్నాను. బల్లమీది కంప్యూటరుకు తగిలించి నకలు తీయలేదు. ఆ నలభై మాటలు సీడీలోకి రాలేదు, అందువల్ల ఫోనులోకీ రాలేదు. విద్యార్థి వెళ్లిన మరునాడు ఆ పల్లెకు బస్సెక్కాను. ఆమె పోయి తొమ్మిదేళ్లయిందని కొడుకు చెప్పాడు. ఆ మాటలలో నాలుగు ఆయనకు తెలుసు.

అభ్యాసం

1. ప్రోగ్రామును తిరగరాయడానికి, ఎమ్యులేటరుపై నడపడానికి గల భేదాన్ని పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.

2. ఎఱ్ఱన అరణ్యపర్వ శేషరచనను రచయిత ఎమ్యులేటరుతో పోల్చడంలోని ఔచిత్యాన్ని, ఆ పోలికకు గల హద్దును చర్చించండి.

3. ‘వేద గగన చంద్ర’ ఉదాహరణ ద్వారా రచయిత తెలిపిన విషయమేమి?

4. “సరిచేస్తే అది మీ ప్రోగ్రాము కాదండీ” – ఈ మాటల సందర్భాన్ని వివరించండి.

5. మీ ఊరిలో వ్యవసాయం చేసే పెద్దలను అడిగి, ఒకే పనికి సంబంధించిన పది మాటలు సేకరించి, ఎవరు ఏ సందర్భంలో చెప్పారో రాయండి.