బాణం గీసే ముందు

చిరంజీవి లహరికి,

మీ తొమ్మిదో తరగతిలో చలన నియమాల పాఠం మొదలైందని మీ నాన్న చెప్పాడు. మూడు నియమాలూ ఒక పూటలో కంఠతా పట్టగలవు, అందులో నాకు అనుమానం లేదు. కంఠతా వచ్చినంత మాత్రాన అవి మనసుకి ఎక్కవు, ఎందుకంటే మన అనుభవం మొదటి నియమానికే అడ్డం తిరుగుతుంది. ఈ పాఠమంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది: వస్తువు కదులుతూ ఉండడానికి బలం అక్కర్లేదు, దాని కదలిక మారడానికి కావాలి. ఈ తేడా పట్టుబడితే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

తొయ్యడం మానేస్తే తోపుడుబండి ఆగిపోతోందిగా అని నువ్వు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దిలో అరిస్టాటిల్ కూడా అలాగే అనుకున్నాడు, దాదాపు 2000 ఏళ్లు చాలామంది పండితులు ఆయన మాటే పట్టుకున్నారు. బండి ఆగింది తోసేవాడు లేక కాదు, ఆపే ఘర్షణ ఉండడం వల్ల. క్యారమ్ బోర్డు మీద పౌడర్ చల్లి చూడు: అదే దెబ్బకి కాయిన్ మునుపటికన్నా దూరం పోతుంది. దెబ్బ పెరగలేదు, ఆపే బలం తగ్గింది. గెలీలియో వాలుబల్లల మీద గుండ్లు దొర్లించి ఈ దారినే ఆలోచించాడు. ఒక వాలు దిగిన గుండు ఎదుటి వాలు మీద దాదాపు అంతే ఎత్తుకి ఎక్కుతుంది. ఎదుటి వాలు తగ్గించేకొద్దీ ఆ ఎత్తు అందుకోవడానికి ఇంకా దూరం పోవాలి. వాలే లేకుండా చేస్తే, ఘర్షణా లేకపోతే, అది ఎక్కడ ఆగాలి? ఆగడానికి కారణమే లేదు. 1687లో న్యూటన్ దీన్నే మొదటి నియమంగా నిలబెట్టాడు. 1977లో బయలుదేరిన వాయేజర్ 1 అంతరిక్ష నౌక ఇవాళ సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. దాన్ని ముందుకు నెట్టే ఇంజన్ ఏదీ పనిచేయడం లేదు. అందులోని చిన్న థ్రస్టర్లు యాంటెన్నాని భూమి వైపు తిప్పి ఉంచడానికే.

ఇక పైకి విసిరిన బంతి సంగతి. చెయ్యి వదిలాక దాని మీద పనిచేసే బలాల్ని గీయమంటే చాలామంది పైకి ఒక బాణం గీస్తారు, పైకి పోతోంది కదా అని. ఆ బాణం ఎవరిది? చేతిది కాదు, చెయ్యి వదిలేసింది. గాలి అడ్డుకునేదే తప్ప ఎగదోసేది కాదు. మిగిలింది భూమి, అది కిందికే లాగుతుంది. కొసన బంతి వేగం సున్నా అయిన క్షణంలో త్వరణం కూడా సున్నా అనడం దీనికి తోడుపుట్టిన పొరపాటు. రెండూ సున్నా అయితే బంతి అక్కడే వేలాడాలి! వేగం లేని ఆ క్షణంలోనూ త్వరణం సెకనుకు సెకనుకు 9.8 మీటర్లే, కిందికే.

పరీక్షకి ఇంత ఆలోచన దేనికి, ఎఫ్ ఈక్వల్ టు ఎం ఏ చాలదా అంటావేమో. ఒక లెక్క చూడు. పది కిలోల పెట్టెని నేల మీద 30 న్యూటన్ల బలంతో అడ్డంగా తోస్తే అది ఒకే వేగంతో తిన్నగా సాగుతోంది, ఘర్షణ ఎంత? సూత్రం మాత్రమే తెలిసినవాళ్లు 30ని 10తో భాగించి త్వరణం 3 అని రాసేస్తారు. వేగం మారడం లేదని ప్రశ్నలోనే ఉంది, అంటే త్వరణం సున్నా, ఫలిత బలం సున్నా, ఘర్షణ సరిగ్గా 30 న్యూటన్లు. సూత్రంలోని ఎఫ్ మన చేతి బలం ఒక్కటే కాదు, అన్ని బలాలూ కలిశాక మిగిలేది. అవేమిటో తేల్చకుండా సూత్రం ఏ పనికీ రాదు.

అందుకని నా సలహా ఒకటే. ఏ లెక్కలోనైనా ముందు ఒక్క వస్తువును విడిగా గీసుకో. గీసిన ప్రతి బాణం పక్కనా ఆ బలం ప్రయోగిస్తున్నది ఎవరో రాయి: భూమి, నేల, తాడు, చెయ్యి. పేరు రాయలేని బాణాన్ని కొట్టెయ్యి. ఆ తర్వాతే సూత్రం జోలికి వెళ్లు. మొదట్లో ఒక్కో లెక్కకీ ఎక్కువసేపు పడుతుంది, పట్టనీ. పై తరగతుల్లో కప్పీలూ వాలుబల్లలూ వచ్చినప్పుడు కొత్తగా నేర్చుకోవాల్సింది నీకు చాలా తక్కువే ఉంటుంది.

ఇట్లు,
మీ పెద్దనాన్న