బడి ఈడు పిల్లల వికాసం: కొలిచే సాధనాలు

(టెట్, డీఎస్సీ, గ్రూప్స్ ప్రత్యేకం)

* పాఠశాల సంసిద్ధత: ఒకటో తరగతిలో చేరేనాటికి బిడ్డకు ఉండాల్సిన భాష, సంఖ్యాభావన, ఆలోచన, నలుగురితో మెలిగే నేర్పు.
* అధికరణ 45: ఆరేళ్లు నిండేవరకు సంరక్షణ, విద్య. 86వ సవరణ, 2002. 21ఎ (6–14 ఏళ్లు)తో తికమకపడొద్దు.
* ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు): 1975 అక్టోబర్ 2. అంగన్‌వాడీలు దీని కిందివే.
* జాతీయ విద్యా విధానం–2020: 5+3+3+4, పునాది దశ 3–8 ఏళ్లు.
* విద్యాప్రవేశ్: 2021, ఒకటో తరగతి ఆరంభంలో మూడు నెలల ఆటపాటల బోధన.
* మన దగ్గరి అధ్యయనం: 2011–16; అసర్ సెంటర్, ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం. రాష్ట్రాలు: అస్సాం, రాజస్థాన్, తెలంగాణ (మెదక్, వరంగల్). బొమ్మలు వరుసలో పెట్టించి, చెప్పిన పని చేయించి బిడ్డనే నేరుగా పరీక్షించారు. ఫలితం: ఐదేళ్లకు సంసిద్ధత ఆశించినదాని కన్నా చాలా తక్కువ.
* సుస్థిరాభివృద్ధి లక్ష్య సూచిక 4.2.1: యునిసెఫ్ ఈసీడీఐ–2030 (బాల్య వికాస సూచీ), 24–59 నెలలు, 20 ప్రశ్నలు.
* ఈడీఐ (బాల్య వికాసాన్ని కొలిచే సాధనం): కెనడా; 5 రంగాలు. ఆస్ట్రేలియాలో 2009 నుంచి మూడేళ్లకోసారి.

తప్పక చూడండి: జవాబిచ్చేది ఎవరు? ఈసీడీఐ – తల్లి లేదా సంరక్షకురాలు. ఈడీఐ – టీచర్. ఈడీఐ ఫలితాలు సమూహానివే. అందుకే వాటితో ఏ బిడ్డకూ వెనకబడ్డ ముద్ర వేయకూడదు. రేపటి టీచర్లు ఇది మనసులో పెట్టుకోవాలి.