కెనడా గోల్డెన్‌రాడ్: గుర్తింపు లక్షణాలు, వ్యాప్తి

ఉత్తర అమెరికా పచ్చిక బయళ్లలోను, సాగు వదిలిన పొలాల్లోను సహజంగా పెరిగే బహువార్షిక మొక్క కెనడా గోల్డెన్‌రాడ్. దీని శాస్త్రీయ నామం సొలిడాగో కెనడెన్సిస్, కుటుంబం ఆస్టరేసి. సొలిడాగో ప్రజాతిలో వందకు పైగా జాతులు ఉండగా, వాటిలో అధిక భాగం ఆ ఖండానికి చెందినవే.

మొక్క సాధారణంగా ఒకటి నుండి రెండు మీటర్ల ఎత్తు పెరుగుతుంది. పత్రాలు ఏకాంతరంగా, భల్లాకారంలో, రంపపు పళ్ల వంటి అంచుతో ఉంటాయి. ప్రతి పత్రంలో మూడు ప్రధాన ఈనెలు స్పష్టంగా కనిపించడం ముఖ్యమైన గుర్తు. చిన్న పసుపు శీర్షాలు వంగిన కొమ్మలపై ఒకే వైపు బారులు తీరి ఉంటాయి.

పూత ఆగస్టు నుండి అక్టోబరు వరకు ఉంటుంది. ఇతర పూలు తగ్గే ఆ కాలంలో తేనెటీగలకు, దక్షిణానికి వలసపోయే మొనార్క్ సీతాకోకచిలుకలకు ఇది మకరందం అందిస్తుంది. అయితే అదే కాలంలో వచ్చే పుప్పొడి ఎలర్జీకి ఈ మొక్కే కారణమని అక్కడి ప్రజల్లో చిరకాలంగా ఒక అపోహ ఉంది. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువైనది, జిగురుగలది. కీటకాల ద్వారానే చేరవలసినది. అసలు కారణం రాగ్‌వీడ్, అనగా ఆంబ్రోసియా. మన వయ్యారిభామను పోలిన చీలిన ఆకులు, ఆకుపచ్చని పూలు గల ఆ మొక్క ఎవరి దృష్టికీ ఆనదు. దాని తేలికైన పుప్పొడి మాత్రం గాలిలో దూరం పోతుంది. కంటికి కనిపించిన పసుపు పూవుపై నింద పడింది.

స్వస్థలంలో ఈ మొక్కను అదుపులో ఉంచే కీటకాలు అనేకం. యూరోస్టా ఈగ పిల్లపురుగు కాండంలో గుండ్రని బొడిపె ఏర్పరచి, అందులోనే శీతాకాలం గడుపుతుంది. ట్రైరాబ్డా పెంకుపురుగులు ఆకులను తినివేస్తాయి. ఈ సహజ శత్రువులను వెనుక వదిలి, అలంకరణ మొక్కగా ఐరోపా, చైనా దేశాలకు చేరిన తరువాత ఇదే మొక్క అక్కడ మొండి కలుపుగా మారింది. ఒక్కొక్క మొక్క వేల సంఖ్యలో ఇచ్చే, గాలికి ఎగిరే విత్తనాలు కొత్త చోట్లకు చేరుస్తాయి; చేరిన చోట భూగర్భ కొమ్ములు దట్టమైన గుంపులుగా విస్తరింపజేస్తాయి.

భారతదేశంలోనూ పుష్పగుచ్ఛాల కూర్పు కోసం గోల్డెన్‌రాడ్ రకాలను పిలకల ద్వారా సాగు చేస్తున్నారు. విస్తరణ శాస్త్రవేత్తలు ఇక్కడ గమనించవలసినది పుప్పొడిని కాదు, పాత మడులను. తవ్విన దుబ్బులను కాలువ గట్లపై పారవేయడం తగదు. మొగ్గ ఉన్న కొమ్ము ముక్క తేమ తగిలితే తిరిగి చిగురిస్తుంది. పూత ముగిసిన కంకులను విత్తనం కట్టకముందే కోసి తొలగించాలి.