వినోదం పంచేవారు – అయిదో తాళంచెవి

థీమ్ పార్కు అనగా ఒక కథనో, ఊహాలోకాన్నో ఆధారం చేసుకొని కట్టిన వినోదశాల. 1955 జూలై 17న అమెరికాలోని అనహైమ్‌లో వాల్ట్ డిస్నీ తెరిచిన డిస్నీలాండ్ వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అక్కడ ఊడ్చేవారి నుంచి అధికారి వరకు ఉద్యోగులందరినీ ‘పాత్రధారులు’ అనే అంటారు. వినడానికి ముచ్చటగానే ఉంది. కాని పిలుపు ఒక్కటైనంత మాత్రాన మనుషులంతా ఒక్కటయిపోతారా?

వాల్ట్ డిస్నీకి మీసం ఉండేది. ఆయన పార్కు ఉద్యోగులకు మాత్రం 2000లో గాని మీసానికి అనుమతి రాలేదు. గడ్డానికైతే 2012 దాకా ఆగవలసి వచ్చింది. మన పల్లెల్లో మీసం తీసెయ్యమంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు! భద్రత, మర్యాద, ప్రదర్శన, సామర్థ్యం – ఈ నాలుగింటినీ సంస్థవారు తమ తాళంచెవులుగా చెప్పుకునేవారు. 2021లో ‘అందరినీ కలుపుకోవడం’ అనే అయిదోదాన్ని చేర్చారు. పచ్చబొట్లు కనబడినా ఫరవాలేదన్నారు. దుస్తుల్లో, జుట్టు తీరులో ఆడా మగా అనే కట్టుబాటు సడలించారు. మంచిదే.

అయితే బొమ్మ వేషం లోపలి మనిషి సంగతి చూద్దాం. ఒక గ్రాము చెమట ఆవిరైతే ఒంటి నుంచి సుమారు 580 కాలరీల వేడి పోతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. మందపాటి వేషంలో గాలి ఆడదు, తేమ నిండిపోతుంది. చెమట కారుతుందే గాని ఆరదు. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో వేషధారులు వేషం కింద తొడుక్కునే లోదుస్తులను రోజూ అప్పగించి, మర్నాడు వేరేవి తీసుకోవలసి వచ్చేది. సరిగా ఉతకడం లేదని వాళ్ళు మొరపెట్టుకున్నారు. చివరికి 2001లో వారి కార్మిక సంఘం మాట్లాడి, ఎవరివి వారికే ఉండేలా ఒప్పందం చేసుకుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అయిదో తాళంచెవికి ఇరవై ఏళ్ళ ముందే ఆ గౌరవం దక్కింది. అది పైనుంచి దిగి రాలేదు, అడిగితే వచ్చింది. ఆ చెవి వచ్చాక కూడా, 2024 మేలో డిస్నీలాండ్ వేషధారులు 953–258 ఓట్లతో సంఘంలో చేరారు. కలుపుకుంటామన్న మాట ఒక్కటే వారికి చాలలేదన్నమాట.

మాది వ్యవసాయ కుటుంబం. మడిలో గుంట ఎక్కడుందో గట్టు మీది ఆసామి కంటే దిగి నాటు వేసే మనిషికే బాగా తెలుసు. నియమం రాసేవాళ్ళు ముందుగా దాన్ని మోసేవాళ్ళని అడగాలి. కలుపుకోవడమంటే నా దృష్టిలో అదే.

హైదరాబాదు శివార్లలో 2016లో వండర్‌లా తెరిచారు. ఇలాంటి కొలువులు మనవాళ్ళకీ ఉన్నాయి. మిత్రులారా! రేపు మనలో కొందరు నియమాలు రాసేవాళ్ళవుతారు, కొందరు వేషం కట్టేవాళ్ళవుతారు. వేషం విప్పాక కూర్చోడానికి నీడ, తాగడానికి నీళ్ళు, కష్టం చెప్పుకుంటే వినే మనిషి – ఈ మూడూ ఉన్నాయా అని అడగడం ఇద్దరి పనీను.