ట్రక్కు అడుగునకు ఏ పలక మేలు?

మన గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి మైదానములలో మాఘ ఫాల్గుణ మాసములు వచ్చిన, కల్లములన్నియు మిరపకాయలతో ఎఱ్ఱబడియుండును. ఆ కాయలు టిక్కీలుగా కట్టబడి, ట్రాక్టరు వెనుక ట్రక్కులలో గుంటూరు మిర్చియార్డునకు చేరుచుండును. ఆసియా ఖండమునందలి మిక్కిలి పెద్ద మిర్చియార్డులలో అది యొకటి. అంతకుముందు ఈ ట్రక్కులే పత్తి బోరెములను మోసినవి. తొలకరికి ముందు పెంటను, పిమ్మట ఎరువుల బస్తాలను మోయును. రైతు ట్రాక్టరునకు నూనె మార్పించును, చక్రములకు గాలి కొట్టించును. కాని యింత బరువును మోయు అడుగు పలకను క్రిందికి వంగి చూచువాడు అరుదు. ఆ పలకను మార్చవలసి వచ్చినపుడు దేనిని ఎన్నుకొనవలయునో ఈ వ్యాసమున విచారింతము.

ఈ విషయమును మేము పుస్తకమువలన గాక, ఒక ప్రమాదమువలన నేర్చుకొంటిమి. మా పెదతండ్రిగారి ట్రక్కునకు ఇనుప చట్రముపై చెక్కల అడుగు ఉండెడిది. చెక్కలు కొన్ని మెత్తబడగా, వానిని తీసివేయుటకు బదులు, ఖర్చు తగ్గునని తలంచి పైన పలుచని ఇనుపరేకు పఱచి మేకులు కొట్టించితిమి. ట్రక్కు క్రొత్తదానివలె కానవచ్చెను. రెండు వర్షాకాలములు గడచినవి. ఆ మఱుచటి మిరప కోతలలో ఒక హమాలీ వీపున టిక్కీతో ట్రక్కుపై అడుగు పెట్టగానే, రేకు వంగి, చెక్క విఱిగి, అతని కాలు మోకాలివఱకు దిగబడెను. ఎముక విఱుగలేదు గాని రేకు అంచు పిక్కను లోతుగా కోసెను. ఆరు వారములు అతడు బరువెత్తలేకపోయెను. సంవత్సరపు గ్రాసమును సంపాదించుకొను దినములవి. వైద్యపు ఖర్చును, ఆ దినముల కూలిని మా పెదతండ్రిగారు చెల్లించిరి. అయినను రేకు వేయించినది మేమే యను బాధ మమ్ము విడువలేదు.

పిమ్మట వచ్చిన వృద్ధ వడ్రంగి రేకు నెత్తి చూచి, “అయ్యా, చెక్కను చంపినది వాన కాదండి, ఈ రేకే. పడిన నీళ్ళు పోవుటకు దారి లేకపోయినది” అనెను. ఆ మాటయే మాకు మొదటి పాఠము.

కలప కుళ్ళుటకు కారణము బూజు జాతికి చెందిన సూక్ష్మజీవులు. కలపయందలి తేమ నూటికి 20 వంతులకు లోబడియున్నంతకాలము అవి పెరుగజాలవు. వానలో తడిసిన చెక్క ఎండకును గాలికిని మరల ఆఱినచో దానికి భయము లేదు. మేకుల సందులనుండి దిగిన నీరు రేకుక్రింద చిక్కుకొని నెలల తరబడి ఆఱక నిలిచినందున మా చెక్క కుళ్ళినది. కావున పలకను ఎన్నుకొనునపుడు “ఏది గట్టిది?” అని అడుగుటకు ముందు “దీనిపై పడిన నీరు ఎటు పోవును?” అని అడుగవలయును.

ఇపుడు దొరకు వస్తువులను ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది ఇనుపరేకు. నేడు ట్రక్కులు పెక్కింటికి ఇదియే అడుగు. ఇసుక, మట్టి, పెంట మోయువారికి ఇది మేలు. పార తేలికగా జాఱును, సందులు లేనందున ఏదియు రాలదు. అయితే ఎరువుల బస్తాలనుండి రాలిన పొడి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినివేయును. పొటాషు ఎరువునందలి లవణము మఱింత కీడు చేయును. కావున ఎరువు దింపిన నాడే కడిగి ఆఱబెట్టవలయును. నున్నని రేకు తడిసిన జాఱును. ఎండకాలమున వట్టికాళ్ళ కూలీలకు అది పెనమే. గీతలు తేలిన గరుకురేకు కొంత మేలు.

రెండవది ప్లైవుడ్డు. తేలికయైనది, త్వరగా బిగింపవచ్చును. కాని సాధారణపు రకము వానకు పొరలు విడిపోవును. వేయవలసిన యెడల ఐ.యస్. 710 గుర్తుగల మెరైను రకమునే కొని, కోసిన అంచులన్నిటికిని రంగు పట్టింపవలయును. నీరు చొచ్చునది అంచులనుండియే.

మూడవది కలప. టేకు చేవ కుళ్ళునకును చెదలకును ఓర్చును గాని వెల హెచ్చు. మన పొలము గట్లపై పెరుగు నల్లతుమ్మ బరువైనది, దెబ్బకు ఓర్చునది. అందుచేతనే పూర్వులు బండి చక్రములకు దానిని వాడిరి. దాని చేవ మన్నునుగాని, చేవచుట్టునుండు తెల్లని భాగమును పురుగు తొలుచును. దుంగలను కొన్ని నెలలు చెరువులో నానవేసి, పిమ్మట నీడలో ఆఱబెట్టెడి పాత పద్ధతి అర్థములేనిది కాదు. పురుగునకు ఆహారమైన పిండిపదార్థము నీటిలో కరగిపోవును. మామిడి చెక్క చౌకయే కాని తడికి నిలువదు.

విద్యార్థులారా, ఇచట కొంత గణితము చేయుదము. ట్రక్కు అడుగు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు అనుకొనుడు. వైశాల్యము 60 చదరపు అడుగులు. అంగుళమున్నర మందపు చెక్క వేసిన ఏడున్నర ఘనపుటడుగుల కలప కావలయును. అడితిలో కోతకు పోవు తరుగు వేఱు. ఈ కలప టేకైన సుమారు 138 కిలోలు, నల్లతుమ్మయైన సుమారు 170 కిలోలు తూగును. 3 మిల్లీమీటర్ల ఇనుపరేకు సుమారు 131 కిలోలు, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు సుమారు 65 కిలోలు తూగును. తుమ్మకును రేకునకును గల భేదము ఇంచుమించు ఒక టిక్కీ బరువు మాత్రమే. కావున బరువును చూచి భయపడి కలపను త్రోసివేయ నక్కఱలేదు.

బలముయొక్క లెక్క వేఱు. చెక్క మందము రెండింతలైన అది నాలుగింతలు బరువునకు ఆగును. అంగుళము చెక్కకంటె అంగుళమున్నర చెక్క రెండుంబావు వంతులు బలమైనది. క్రిందనుండు అడ్డకమ్ముల మధ్య దూరమును సగము చేసినచో, నడుమ నిలిచిన మనుష్యుని బరువునకు అదే చెక్క రెండింతలు ఆగును. వంగుట ఎనిమిదవ వంతునకు తగ్గును. పలుచని రేకునకును ఇట్లే అడ్డకమ్ములు దగ్గఱగా నుండుట మేలు. కావున మందమైన పలక కొనుటకు ముందు, రెండు కమ్ములు అదనముగా వెల్డింగు చేయించుట లాభమేమో విచారింపుడు.

తుదకు మా పెదతండ్రిగారు నల్లతుమ్మనే ఎన్నుకొనిరి. మా ట్రక్కు ముఖ్యముగా మోయునవి టిక్కీలు, బోరెములు, బస్తాలు. విడి ఇసుకకు అది పోదు. ఇసుక తోలు బండియైనచో మేము రేకునే వేయించియుందుము. కుళ్ళిన చెక్కలన్నిటిని తీయించి, కమ్ముల త్రుప్పు గీకించి, రెడ్‌ఆక్సైడు పూయించితిమి. చెక్కలను పొడవునకు పఱచి, నడుమ పావు అంగుళము సందు విడిచితిమి. మన రేగడి నేల వానకు ఉబ్బి ఎండకు నెఱ్ఱెలు వాయునట్లే చెక్కయు అడ్డముగా ఉబ్బి ముడుచుకొనును. సందు లేకున్న ఉబ్బినచోట పైకి లేచును. నీరును ఆ సందులనుండియే వెడలును. మేకులకు మాఱుగా జింకుపూత గల బోల్టులు వేసి, గోనె చినుగకుండ తలలను చెక్కలోనికి దింపించితిమి. చెదలకని వాడిన ఇంజను నూనెను పూయుమని కొందఱు చెప్పిరి గాని మేము వలదంటిమి. ఆ పలకపై మనుష్యులు తిను మిరపకాయ పోవును. అవిసెనూనె పట్టించితిమి.

ఏ పలకయైనను శాశ్వతము కాదు. కావున దాని చేటు కంటికి కనబడునట్లు ఉంచుట యజమాని ధర్మము. ప్రతి సంవత్సరము కోతలకు ముందు ట్రాక్టరును విప్పి, చక్రములకు ఎదురురాళ్ళు పెట్టి, ట్రక్కును నిలుకడగా ఆనించి, పెద్దల సమక్షమున క్రిందనుండి ఒక మేకు కొనతో చెక్కలను పొడిచి చూడుడు. మెత్తగా దిగిన చోట గుర్తు పెట్టి ఆ చెక్కను మార్పింపుడు. దానిని దేనితోను కప్పవలదు. ఆ పలకపై రేపు అడుగు పెట్టువాని వీపున 40 కిలోల బరువుండును. తన కాలిక్రింద ఏమున్నదో చూచుకొను అవకాశము అతనికి లేదు. అతనికి బదులుగా మనమే చూడవలయును.