‘నాట్ ఫౌండ్’ అంటే లేదని కాదు

పోయిన నెలలో ఓ ఆదివారం పొద్దున్నే మా అన్నయ్య మనవడు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. రాత్రంతా నిద్ర లేదని మొహమే చెబుతోంది. “ఎక్స్265 మూడుసార్లు ఇన్‌స్టాల్ చేశాను తాతయ్యా. అయినా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లేదనే అంటోంది” అన్నాడు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనేది వీడియోలను ఎన్‌కోడ్ చేసే ప్రోగ్రామ్, ఎక్స్265 అది వాడుకునే ఎన్‌కోడర్ లైబ్రరీ. స్క్రీన్ మీద ఆఖరి వరుస, ‘ఎర్రర్: ఎక్స్265 నాట్ ఫౌండ్ యూజింగ్ పీకేజీ-కాన్ఫిగ్’. వాడు చెప్పింది అబద్ధం కాదు. ఫైలు డిస్కు మీద ఉంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ చెప్పిందీ అబద్ధం కాదు.

నేను హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లల కోసం తెలుగు పాఠాల వీడియోలు తయారుచేసే ఒక విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. 2014లో మా యంత్రాలకు ఉబుంటు 14.04 వేసుకుంటే అందులో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్యాకేజీయే లేదు. 2011లో ఆ ప్రాజెక్టు రెండుగా చీలి లిబ్‌ఏవీ అని ఇంకో శాఖ పుట్టింది. డెబియన్, ఉబుంటు కొన్నాళ్లు ఆ శాఖ వైపు వెళ్లి, 2015లో మళ్లీ వెనక్కి వచ్చాయి. ఆ మధ్యకాలంలో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కావాలంటే చాలామందిమి సోర్సు తెచ్చుకుని సొంతంగా కట్టుకున్నాం. అలా చేతికి వచ్చిన పాఠాలివి. మనవడికి నోటితో చెప్పాను, ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

1. లాగ్‌ను అడుగు నుంచి పైకి చదవండి

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సోర్సులో ఉండే ‘కాన్ఫిగర్’ చేత్తో రాసిన పెద్ద షెల్ స్క్రిప్టు. ఒక లైబ్రరీ ఉందో లేదో తేల్చుకోవడానికి అది డిస్కంతా గాలించదు. నాలుగైదు వరుసల సీ ప్రోగ్రామ్ ఒకటి రాసుకుని, అందులో ఆ లైబ్రరీలోని ఒక ఫంక్షన్ పేరు పెట్టి, కంపైల్ చేసి, లింక్ చేసి చూస్తుంది. హెడర్ దొరక్కపోయినా, లింకు తెగినా, వెర్షన్ సరిపోకపోయినా మనకు తెర మీద చెప్పే మాట మాత్రం దాదాపు ఒకటే. నాట్ ఫౌండ్.

అసలు సంగతి ‘ఎఫ్‌ఎఫ్‌బిల్డ్’ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ డాట్ లాగ్‌లో ఉంటుంది. పాత వెర్షన్లలో సోర్సు ఫోల్డర్‌లోనే ఉండేది. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టి ఆ ఫైలు తెరిచి అట్టడుగుకు వెళ్లాం. వరుస నంబర్లతో ఆ చిన్న ప్రోగ్రామ్, దాని కింద జీసీసీని పిలిచిన పొడుగాటి లైను, దాని కింద బారులు తీరిన ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’లు. వాటిలో కొన్ని సీ ప్లస్ ప్లస్ పేర్లు, కొన్ని ‘న్యూమా’తో మొదలయ్యేవి.

“చూశావా, ఎక్స్265 దొరికింది. దాని చుట్టాలు దొరకలేదు” అన్నాను.

ఎక్స్265ను సీ ప్లస్ ప్లస్‌లో రాశారు. వాడు దాన్ని స్టాటిక్ లైబ్రరీగా కట్టాడు. స్టాటిక్ లైబ్రరీ తనకు కావలసిన మిగతా లైబ్రరీలను వెంటబెట్టుకుని రాదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లింకు చేసేది సీ కంపైలర్‌తో కాబట్టి సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ దానంతటది రాదు. ఆ అవసరాల జాబితా ఎక్స్265 డాట్ పీసీ అనే చిన్న ఫైలులో ‘లిబ్స్ డాట్ ప్రైవేట్’ వరుసలో రాసే ఉంటుంది. కానీ ‘స్టాటిక్’ అని ప్రత్యేకంగా అడిగితేనే పీకేజీ-కాన్ఫిగ్ ఆ వరుస బయటపెడుతుంది. కాన్ఫిగర్‌కు పీకేజీ-కాన్ఫిగ్-ఫ్లాగ్స్ అనే ఆప్షన్‌లో ఆ ఒక్క మాట ఇచ్చాం. దాటిపోయింది. రాత్రంతా మూడుసార్లు ఇన్‌స్టాల్ చేసినా తేలని పని అది.

2. పీసీ ఫైలు ఎక్కడుందో కళ్లతో చూడండి

పీకేజీ-కాన్ఫిగ్ అనేది ఊరి గ్రామసేవకుడి లాంటిది. ఏ లైబ్రరీ ఎక్కడ ఉంటుందో, దాని వెర్షన్ ఎంతో తన దగ్గరున్న పీసీ ఫైళ్లు చూసి చెబుతుంది. తన హద్దులు దాటి మాత్రం వెళ్లదు. మీరు ఇంటి ఫోల్డర్‌లో ఎక్కడో లైబ్రరీ పెట్టుకుంటే ఆ చిరునామా పీకేజీ-కాన్ఫిగ్-పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మీరే చెప్పాలి.

ఇందులో మనుషుల్ని ఎక్కువగా ముంచేది ఫోల్డర్ పేరు. ఒకరు లిబ్ అంటారు, ఫెడోరా వాళ్లు లిబ్64 అంటారు, డెబియన్‌లో లిబ్ కింద ఎక్స్86_64-లైనక్స్-గ్నూ అని ఇంకో అర ఉంటుంది. డేవ్1డీ లాంటి లైబ్రరీలను మీసాన్ అనే బిల్డ్ పనిముట్టుతో కడతారు. అక్కడ లిబ్‌డిర్ ఏమిటో మనం చెప్పకపోతే పీసీ ఫైలు మనం అనుకోని అరలోకి పోతుంది. ‘ఇన్‌స్టాల్ అయింది’ అని తెర మీద వస్తే నమ్మి లేచిపోవద్దు. ఫైండ్ కమాండ్‌తో పీసీ ఫైలు ఎక్కడ పడిందో వెతికి, ‘మోడ్‌వెర్షన్’ అడిగి, వచ్చిన నంబరు మీరు కట్టినదేనా అని చూడండి. అర నిమిషం పని.

3. డెవ్ ప్యాకేజీ వేరు

ప్రోగ్రామ్ నడవడానికి లైబ్రరీ చాలు, కట్టడానికి హెడర్లు కావాలి. డెబియన్, ఉబుంటులో పేరు చివర ‘డెవ్’, ఫెడోరాలో ‘డెవెల్’. ఇది అందరికీ తెలిసిందే, అయినా అందరూ మరిచిపోయేది కూడా ఇదే.

4. ఒకే లైబ్రరీ రెండు చోట్ల ఉంటే లింకర్ చెప్పే నంబరు చూడండి

మొదటి ఏడాది నన్ను బాగా ఏడిపించిన తప్పు ఇది. ఎక్స్264 అనే మరో వీడియో ఎన్‌కోడర్‌కు ఉబుంటు ఇచ్చిన డెవ్ ప్యాకేజీ ఒకటి యంత్రంలో ఉంది. దాని మీద నేను కొత్త ఎక్స్264 కట్టి యూఎస్ఆర్-లోకల్‌లో పెట్టాను. కాన్ఫిగర్ దాటింది, కంపైల్ కూడా అయింది, ఆఖర్న లింకు దగ్గర ఆగిపోయింది. ఫలానా ఫంక్షన్ ‘అన్‌డిఫైన్డ్’ అట. ఆ ఫంక్షన్ లేకుండా ఎక్స్264 అనేదే ఉండదు కదా!

రెండు రోజులు పట్టింది తెలుసుకోవడానికి. ఎక్స్264 వాళ్లు ఒక మంచి పని చేశారు. ఎన్‌కోడర్ తెరిచే ఫంక్షన్ పేరు చివర హెడర్‌లో ఉన్న బిల్డ్ నంబరును అతికిస్తారు. హెడర్‌లో 164 ఉంటే అసలు పేరు ‘ఎక్స్264_ఎన్‌కోడర్_ఓపెన్_164’ అవుతుంది. పాత హెడర్‌తో కంపైల్ చేసి కొత్త లైబ్రరీతో లింకు చేస్తే పేర్లు కలవవు, అక్కడే ఆగుతుంది. నా ఎర్రర్‌లో నంబరు ఉంది. నేను దాన్ని అర్థం లేని తోక అనుకుని వదిలేశాను. ఎన్‌ఎమ్ అనే కమాండ్‌తో లైబ్రరీ తెరిచి చూస్తే అక్కడ వేరే నంబరు. ఒకటి ఉబుంటుది, ఒకటి నాది.

ఈ జాగ్రత్తే లేకపోతే లింకు కుదిరిపోయి, నడిచేటప్పుడు మెమరీ చెదిరి, వీడియో మధ్యలో ప్రోగ్రామ్ పడిపోయేది. ఆ ఎర్రర్ రాసినవాళ్లకు నేను ఈరోజుకీ మనసులో దండం పెట్టుకుంటాను. అప్పటి నుంచి ఒకటే నియమం. సొంతంగా కట్టేవన్నీ ఇంటి ఫోల్డర్‌లో ఒక ప్రత్యేక ప్రిఫిక్స్ కింద ఉంచుతాను, వ్యవస్థ ఇచ్చిన డెవ్ ప్యాకేజీ అక్కర్లేకపోతే తీసేస్తాను.

5. కట్టడం అయ్యాక కూడా గొడవ ఉంటుంది

బిల్డ్ పూర్తయింది, ప్రోగ్రామ్ పిలిస్తే ‘ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్’ అంటుంది. మళ్లీ కంపైల్ చేయకండి. కట్టేటప్పుడు వెతికేది లింకర్, నడిపేటప్పుడు వెతికేది లోడర్. వాళ్లిద్దరి దారులు వేరు. ఎల్‌డీడీతో ఏది దొరకలేదో చూడండి. కొత్త లైబ్రరీ పెట్టాక ఎల్‌డీకాన్ఫిగ్ నడపండి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో యూఎస్ఆర్-లోకల్-లిబ్‌ను లోడర్ మామూలుగా చూడదు, దాన్ని ఎల్‌డీ డాట్ ఎస్ఓ డాట్ కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో మీరే రాయాలి.

ఇంకో చిన్నది. కొత్తది పెట్టినా పాత వెర్షనే చూపిస్తుంటే ‘టైప్ మైనస్ ఏ’ అని అడగండి, ఎన్ని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లు ఉన్నాయో చెబుతుంది. బ్యాష్ పాత దారి గుర్తు పెట్టుకుని ఉండొచ్చు, ‘హ్యాష్ మైనస్ ఆర్’ అంటే మరిచిపోతుంది.

6. ఈడూ జోడూ చూడండి

లైబ్రరీలకూ ఈడు ఉంటుంది. ఎక్స్264 బిల్డ్ 153లో 8 బిట్, 10 బిట్ రెండింటినీ ఒకే లైబ్రరీలోకి తెచ్చారు. ఆ క్రమంలో ‘ఎక్స్264_బిట్_డెప్త్’ అనే వేరియబుల్ తీసేశారు. పాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ దాన్ని వాడుకునేది. అంతే, పాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు కొత్త ఎక్స్264 జత చేసినవాళ్లందరికీ ‘అన్‌డిక్లేర్డ్’ అని వచ్చింది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ తప్పూ కాదు, ఎక్స్264 తప్పూ కాదు.

లైబ్రరీలే కాదు, పనిముట్లకూ ఇదే వర్తిస్తుంది. 2023లో అసెంబ్లర్ ఉండే బిన్‌యుటిల్స్ 2.41 వచ్చాక అప్పటిదాకా చక్కగా కంపైల్ అయిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వెర్షన్లు మ్యాథాప్స్ డాట్ హెచ్ అనే హెడర్ దగ్గర ‘ఆపరాండ్ టైప్ మిస్‌మ్యాచ్’ అని ఆగిపోయాయి. సోర్సులో ఒక్క అక్షరం మారలేదు, దాన్ని చదివే అసెంబ్లర్ కొంచెం కచ్చితమైంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ 6.1లో సరిదిద్దారు. నిన్న కట్టింది ఈరోజు కట్టడం లేదంటే, మధ్యలో యంత్రం మీద ఏ అప్‌డేట్ వచ్చిందో ముందు చూడండి.

7. మొదటి ఎర్రరే ఎర్రర్

ఎనిమిది పనులు ఒకేసారి నడిపితే ఎర్రర్లు కలిసిపోతాయి. మేక్‌ను జె1తో మళ్లీ నడిపితే అసలుది విడిగా కనిపిస్తుంది. ‘కిల్డ్’ అని కనిపించి సీసీ1ప్లస్ అనే పేరుంటే డిపెండెన్సీ గొడవే కాదు, మెమరీ చాల్లేదు. జోరు తగ్గించండి.

8. అసెంబ్లర్ లేదంటే అసెంబ్లర్ పెట్టండి

ఉబుంటు 16.04లో నాసమ్ అనే అసెంబ్లర్ 2.11 వెర్షన్ ఉండేది. ఎక్స్264కు కనీసం 2.13 కావాల్సి వచ్చింది. నాసమ్ పాతదని చెబుతూ, అసెంబ్లీ లేకుండానే కట్టాలనుకుంటే డిసేబుల్-ఏఎస్ఎమ్ ఇవ్వమని ఆ ఎర్రరే దారి కూడా చూపిస్తుంది. చాలామంది ఆ దారినే పట్టారు. కట్టడం అయిపోతుంది, కానీ ప్రాసెసర్ కోసం చేత్తో రాసిన వేగమంతా పోతుంది, గంటలో అయ్యే పాఠం పూటంతా ఎన్‌కోడ్ అవుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అయితే దాన్ని ‘క్రిపుల్డ్ బిల్డ్’ అని మొహం మీదే చెబుతుంది. నాసమ్ సోర్సు చిన్నది. పది నిమిషాలు పెట్టి కొత్తది కట్టుకోండి.

9. ఎర్రర్ రాని డిపెండెన్సీ

అన్నిటికంటే నేను భయపడేది దీనికే.

ఒకసారి రసాయనశాస్త్రం పాఠానికి తెలుగు సబ్‌టైటిళ్లు వీడియోలోనే ముద్రించి పంపాం. బిల్డ్ కొత్తది, ఎక్కడా ఎర్రర్ లేదు. మర్నాడు ఒక మాస్టారు ఫోన్ చేశారు. “ఏమండీ, అక్షరాలు విడిపోయాయి, పిల్లలు చదవలేకపోతున్నారు” అన్నారు. తెరిచి చూస్తే ‘ప్రశ్న’ అని ఉండాల్సిన చోట ‘ప్‌రశ్‌న’ అని ఉంది. ‘ద్రావణం’ కాస్తా ‘ద్‌రావణం’ అయింది. ఒత్తులన్నీ పొల్లులుగా మారిపోయాయి.

సబ్‌టైటిళ్లు గీసేది లిబాస్ అనే లైబ్రరీ. అక్షరం ఆకారం ఫ్రీటైప్ ఇస్తుంది. కానీ ప, పొల్లు, ర మూడూ పక్కపక్కన వస్తే వాటిని కలిపి క్రావడిగా మార్చాలని తెలిసింది హార్ఫ్‌బజ్‌కు. అప్పట్లో లిబాస్‌ను హార్ఫ్‌బజ్ లేకుండా కూడా కట్టొచ్చు. నా యంత్రంలో దాని డెవ్ ప్యాకేజీ లేదు, లిబాస్ సాదా పద్ధతికి దిగిపోయింది. ఇంగ్లిషుకు ఆ పద్ధతి చాలు. ఇంగ్లిషు సబ్‌టైటిళ్లతో పరీక్షించి ఉంటే ఈ జన్మలో తెలిసేది కాదు.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నడుస్తున్నప్పుడు లాగ్‌లో ‘షేపర్’ అని ఒక వరుస వస్తుంది. ఫ్రైబిడి సింపుల్ పక్కన హార్ఫ్‌బజ్ కాంప్లెక్స్ అని ఉందో లేదో చూడండి. తెలుగు, హిందీ, తమిళం, ఏ భారతీయ భాషలో పనిచేసేవాళ్లకైనా ఇది ముఖ్యం. వీడియో మీద నేరుగా పేర్లు రాసే డ్రాటెక్స్ట్ ఫిల్టర్‌కు కూడా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ 6.1 నుంచి హార్ఫ్‌బజ్ తప్పనిసరి చేశారు. దాన్ని ఎనేబుల్ చేయకపోతే ఫిల్టరే ఉండదు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. జడ్‌లిబ్ హెడర్లు లేకపోతే పీఎన్‌జీ డీకోడర్ చప్పుడు లేకుండా మాయమవుతుంది. వీడియో మూల మీద లోగో వేయబోతే అప్పుడు తెలుస్తుంది. ఎస్‌డీఎల్2 లేకపోతే ఎఫ్‌ఎఫ్‌ప్లే రాదు. మనం పేరు పెట్టి అడిగిన లైబ్రరీ లేకపోతే కాన్ఫిగర్ ఆగుతుంది. అది తనంతట తాను వెతుక్కునేవి లేకపోతే ఊరుకుంటుంది. కాబట్టి మీ పనికి తప్పనిసరైనవన్నీ ఎనేబుల్ అని రాసి అడగండి. బిల్డ్ అయ్యాక ఒత్తులు, గుణింతాలు నిండుగా ఉన్న ఒక తెలుగు వాక్యాన్ని వీడియో మీద ముద్రించి కళ్లతో చూడండి. నా పరీక్ష వాక్యంలో ఇప్పటికీ ‘ప్రశ్న’ ఉంటుంది.

10. ఎవరికి ఇవ్వొచ్చో కూడా చూసుకోండి

ఎక్స్264కు జీపీఎల్ ఆప్షన్ ఇవ్వాలి. దానితో పాటు ఎఫ్‌డీకే-ఏఏసీ అనే ఆడియో ఎన్‌కోడర్ కూడా కలిపితే నాన్‌ఫ్రీ అని ఒప్పుకోవాలి, అప్పుడు ఆ బైనరీని మరొకరికి పంచకూడదు. కాన్ఫిగర్ చివర్లో లైసెన్స్ వరుసలో అదే రాసి ఉంటుంది. 2016లో 3.0 వచ్చేనాటికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సొంత ఏఏసీ ఎన్‌కోడర్ ప్రయోగ దశ దాటింది, మా పాఠాలకు అది చక్కగా సరిపోయింది. అయినా వేరే కాలేజీ వాళ్లు అడిగితే నేను కట్టిన ఫైలు ఇచ్చేవాణ్ణి కాదు. ‘బిల్డ్‌కాన్ఫ్’ అడిగితే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ తనను ఏ ఆప్షన్లతో కట్టారో మొత్తం చెబుతుంది. ఆ వరుసల్ని ఒక కాగితం మీద రాసి, పక్కన ఒక్కో లైబ్రరీ వెర్షన్ వేసి, తేదీ పెట్టి ఇచ్చేవాణ్ణి. మనవడు మొన్న వెళ్తూ వెళ్తూ అలాంటి కాగితమే ఒకటి అడిగి తీసుకెళ్లాడు.