108 ఘనత వేరు, సత్యం లెక్కలు వేరు

ప్రశ్న: 108 అంబులెన్సు మా నాన్నను బతికించింది. దాన్ని తెచ్చిన రామలింగరాజును మెచ్చుకుంటే ఆయన ఐటీ కంపెనీ ‘సత్యం’లో జరిగిన మోసాన్ని వెనకేసుకొచ్చినట్టా?

జవాబు: కాదమ్మా. రెండు పద్దులూ విడివిడిగా రాసుకోండి. ఒకదాని మిగులుతో రెండోదాని లోటు పూడ్చకండి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. ఇక సత్యం ఖాతాల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న రామలింగరాజే లేఖలో ఒప్పుకున్నారు. 2015లో ప్రత్యేక కోర్టు ఆయనకు 7 ఏళ్ల జైలుశిక్ష వేసింది. అప్పీలుతో అమలు ఆగింది.

సత్యంలో రాత్రింబవళ్లు పనిచేసింది వేలాది ఇంజినీర్లు. వాళ్ల నైపుణ్యం నిజమైనది కనకే టెక్ మహీంద్రా ఆ కంపెనీని కొన్నది. సంస్థ ఘనత ఒక్కరి సొత్తు కాదు. 108కు నిండుగా కృతజ్ఞత చెప్పండి. నష్టపోయిన మదుపరులనూ మరవకండి.